గుంటూరు ఎండకు నీలి స్ప్రూస్ వద్దు, అరకేరియా పెట్టుకో

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్త ఇంటి ముందున్న కాస్త జాగాలో మరుగుజ్జు నీలి స్ప్రూస్, అదే సూదుల్లాంటి ఆకులుండే ఆ చలిదేశపు చెట్టు, నాటాలని ఉందని రాశావు. నీవు ముచ్చటపడిన గ్లోబోసా రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా, మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తు వరకు గుండ్రంగా పెరుగుతుంది కనుక చల్లని దేశాలలో చిన్న తోటలకు అది చక్కని ఎంపికే. గుంటూరులో మాత్రం దాని జోలికి పోవద్దు.

అమెరికాలోని రాకీ పర్వతాలలో, సుమారు 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తున పెరిగే జాతి అది. గడ్డకట్టే చలిలో నెలల తరబడి నిద్రపోయి, ఆ తరువాతే మొగ్గ విచ్చుకోవడం దాని స్వభావం. మన పగటి ఎండ ఒక ఎత్తు, రాత్రి ఉక్క ఒక ఎత్తు. రాత్రి చల్లబడకపోతే పగలు ఆకులు కూడబెట్టుకున్న ఆహారంలో చాలా భాగం శ్వాసక్రియకే ఖర్చయి, మొక్క క్రమంగా నీరసిస్తుంది. పొట్టి రకమైనంత మాత్రాన వేడిని ఓర్చే గుణం రాదు. ఆ నీలిరంగు కూడా సూది ఆకుల మీది మైనపు పూతే, వేలితో రుద్దితే కింద మామూలు ఆకుపచ్చ కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే విత్తనాల పొట్లాలు అసలే కొనవద్దు, ఎందుకంటే పొట్టి రకాలను అంటు కట్టి గాని కొమ్మలు నాటి గాని పెంచుతారు, విత్తనానికి ఆ పొట్టితనం వస్తుందన్న భరోసా లేదు.

దానికి బదులు, నర్సరీలలో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియా తెచ్చుకో. పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి దాని పుట్టిల్లు కనుక మంచుతో దానికి పనిలేదు. నేలలో పెడితే మేడను దాటిపోతుంది, తొట్టిలోనే ఉంచు. కొనేటప్పుడు కొన విరగని ఒంటి మొక్కను ఎంచుకో. కొన పోతే ఆ తీరైన ఆకారం మళ్ళీ రాదు, ఎండి రాలిన కింది కొమ్మల స్థానంలో కొత్తవి పుట్టవు.

మీ పెరటి నల్లరేగడిని తొట్టిలో నింపితే నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలుపు. వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూసి, పొడిగా తగిలినప్పుడే నీళ్ళు పోయి. తొట్టిని తూర్పు వైపు ఉంచి, ఏప్రిల్ నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా గ్రీన్ నెట్ నీడ కల్పించు. పడమటి గోడ పక్కన పెడితే ఎండకు తోడు గోడ సెగ కూడా తగులుతుంది.

ఆకు పాలిపోయినట్లుంటే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టు. కాగితం మీద ఎర్రని చుక్కలు కదిలితే అది ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే సన్నని పురుగు. ముందు నీటి ధారతో కొమ్మలను కడుగు, తగ్గకపోతే సాయంత్రం పూట వేపనూనె పిచికారీ చేయి. నల్లికి వాడే గంధకం మందు మాత్రం ఎండాకాలంలో కొట్టవద్దు, ఆకు మాడిపోతుంది.

ఇట్లు,
నీ మేనమామ