నక్షత్రాలు తర్వాత, ముందు విడిభాగం దొరుకుతుందో లేదో చూడండి

“ఇంటి సామాన్లు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు రేటింగ్స్ నమ్మొచ్చా? ఏ సైట్ మంచిది? కార్డ్‌లెస్ వ్యాక్యూమ్ క్లీనర్ కొందామనుకుంటున్నాను” అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సైట్ పేరుతో పెద్ద తేడా లేదు, అందులో అమ్మేది ఎవరన్నదే ముఖ్యం. రేటింగ్ చూడండి గానీ అది చూసి డబ్బు కట్టేయకండి. కట్టే ముందు ఆ వస్తువు మోడల్ నంబరు పక్కన ‘ఫిల్టర్’ అనో, ‘బ్యాటరీ’ అనో, ‘గ్యాస్కెట్’ అనో కొట్టి వెతకండి. అందులో అరిగిపోయే భాగం విడిగా దొరుకుతుంటే కొనండి. దొరక్కపోతే ఎన్ని నక్షత్రాలున్నా వదిలేయండి. ఇన్నేళ్లుగా సామాన్లు కొంటూ, వాడుతూ, బాగు చేయించుకుంటూ వచ్చాక నాకు గట్టిగా కుదురుకున్న అభిప్రాయం ఇది. ఎవరేం చెప్పినా మార్చుకోను.

మీరు వ్యాక్యూమ్ అన్నారు కాబట్టి మా ఇంట్లో వ్యాక్యూమ్ సంగతే చెబుతాను. మా అన్నయ్య ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పంపించాడు. రేటింగ్ నాలుగున్నర, కింద వేలకొద్దీ రివ్యూలు. మొదట్లో అది చక్కగా పనిచేసింది, ఆ మాట చెప్పాలి. వైరు లాక్కుంటూ ఒక్కో ప్లగ్గు దగ్గరికీ తిరిగే బాధ తప్పింది. మంచం కిందికీ, సోఫా వెనక్కీ ఇట్టే దూరేది. వారంటీ అయిపోయిన కొన్నాళ్లకు హాలు సగం ఊడ్చేసరికే ఎర్ర లైటు మిణుకుమనడం మొదలుపెట్టింది. పోనుపోను ఒక గది కూడా పూర్తయ్యేది కాదు. మోటారుకు ఏ లోపమూ లేదు. బ్రష్ దివ్యంగా తిరుగుతోంది. పోయింది బ్యాటరీ ఒక్కటే.

బ్యాటరీ పోవడంలో వింతేమీ లేదు. లిథియం అయాన్ బ్యాటరీ మామూలుగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఎక్కి దిగేసరికి దాని సామర్థ్యం 80 శాతం దగ్గరికి వచ్చేస్తుంది. రోజూ వాడే ఇంట్లో అది ఏడాది, ఏడాదిన్నర మాట. ఆ రోజు వస్తుందని తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. తెలిసీ బ్యాటరీని హ్యాండిల్ లోపల పెట్టి, పైన ప్లాస్టిక్ అతికించేశారు. ఒక స్క్రూ లేదు, నొక్కితే ఊడివచ్చే మీట లేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. “బ్యాటరీ విడిగా ఇవ్వం మేడమ్. కొత్త మోడల్ మీద మీకు డిస్కౌంట్ ఇప్పిస్తాను” అంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయినేం అంటాం, వాళ్లు రాసిచ్చిందే చదువుతుంది. కానీ నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మోటారు బాగుంది, గొట్టం బాగుంది, ఛార్జర్ బాగుంది. వీటన్నిటినీ చెత్తలో పారేసి ఇంకొకటి కొనుక్కోమనడానికి వాళ్లకు నోరెలా వచ్చింది?

దాన్ని తీసుకెళ్లి తెలిసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ముందు పెట్టాను. ఆయన అతుకు వెంబడి సన్నని బ్లేడుతో నెమ్మదిగా కోసి మూత లేపాడు. లోపల పెద్ద రహస్యమేమీ లేదు. ఆరు సెల్స్ వరుసగా పేర్చి, వాటి తలల మీద సన్నని నికెల్ పట్టీలు అంటించి ఉన్నాయి. పక్కన వేలెడంత సర్క్యూట్ బోర్డు. “ఇవి 18650 సెల్స్ అండి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, ఆ కొలతే పేరు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఇవే, పవర్ బ్యాంకుల్లో ఇవే” అన్నాడు. ఎక్కడికెళ్లినా ఒకే కొలతలో దొరికే సెల్ తెచ్చి, ఎవరికీ దొరకనట్టు దాచి పెట్టారన్నమాట. ఆయన పాతవి తీసేసి, కొత్త సెల్స్‌కు పట్టీలు స్పాట్ వెల్డింగ్ చేసి, మీటరు పెట్టి ఒక్కొక్కటీ చూసుకున్నాడు. మూత మళ్లీ అతికించకుండా రెండు చిన్న స్క్రూలు బిగించి ఇచ్చాడు. “ఈసారి విప్పడానికి కోయక్కర్లేదు” అన్నాడు. ఆ రెండు స్క్రూలూ ఫ్యాక్టరీలోనే పెట్టి ఉంటే ఈ గొడవంతా ఉండేదా?

ఇది చదివి ఇంట్లో ఎవరూ ప్రయత్నం చేయకండి. లిథియం సెల్‌కు బ్లేడు తగిలినా, రెండు కొసలూ షార్ట్ అయినా మంట లేవొచ్చు. పని తెలిసిన మనిషే చేయాలి. కొన్ని కంపెనీల బోర్డులు సెల్స్ మారిస్తే లాక్ అయిపోయి మళ్లీ పనిచేయవు కూడా. అందుకే కొనేటప్పుడే చూసుకోమంటున్నాను.

కథ అక్కడితో అయిపోలేదు. బ్యాటరీ వచ్చాక ఫిల్టర్ కోసం వెతికాను. పాత ఆర్డర్‌లోంచి ఆ పేజీ తెరిస్తే అవే వేల రివ్యూలు, అదే నాలుగున్నర. ఫొటో మాత్రం వేరే మోడల్‌ది! మా వ్యాక్యూమ్ గురించి జనం రాసిన మెప్పులన్నీ దానికి సంబంధం లేని వస్తువు కింద కూర్చున్నాయి. పాత వస్తువు పేజీలోకి కొత్త వస్తువును దూర్చేసి, పేరుకున్న రివ్యూలను వాడుకోవడం ఆన్‌లైన్ అమ్మకాల్లో ఎప్పటినుంచో ఉన్న పనే. ఇలా వేర్వేరు వస్తువుల రివ్యూలను కలిపేసిందని 2023లో అమెరికాలో వ్యాపార మోసాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక విటమిన్ల కంపెనీ మీద కేసు కూడా పెట్టింది. కాబట్టి ఏ పేజీలోనైనా పై మెప్పులు వదిలేసి అడుగున ఉన్న పాత రివ్యూలు తెరిచి, జనం పెట్టిన ఫొటోలు చూడండి. ఫొటోలో ఒక వస్తువు, అమ్మేది ఇంకొకటీ అయితే వెంటనే బయటికి వచ్చేయండి.

రివ్యూల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. అసలు ఈ రివ్యూలు ఎప్పుడు రాస్తున్నారో గమనించారా? పార్శిల్ ఇలా చేతికి వస్తుందో లేదో అలా “మీ అనుభవం చెప్పండి” అంటూ మెసేజ్ వస్తుంది. అట్టపెట్టె విప్పకముందే అనుభవం ఎక్కడిది? అందుకే ‘డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్’ అని ఐదు నక్షత్రాలు పడతాయి. ప్యాకింగ్‌తో ఇల్లు ఊడుస్తామా? కొన్ని పెట్టెల్లో ఐదు నక్షత్రాలిచ్చి స్క్రీన్‌షాట్ పంపితే బహుమతి ఇస్తామనే కార్డు కూడా ఉంటుంది. దొంగ రివ్యూలనూ, ఇలా మెచ్చుకుంటేనే బహుమతి అని బేరం పెట్టి రాయించుకునే రివ్యూలనూ నిషేధించే నియమం అమెరికాలో 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. నేనైతే ఆ కార్డు కనిపించిన బ్రాండ్ మళ్లీ ఇంట్లోకి రానివ్వను.

నేను చదివేది ఒక్క రకం రివ్యూలే. ‘ఏడాది వాడాక’, ‘రెండేళ్ల తర్వాత’ అని మొదలయ్యేవి. రివ్యూల్లో వెతికే పెట్టెలో ‘ఏడాది’, ‘బ్యాటరీ’, ‘విరిగింది’, ‘సర్వీస్’ అని కొడితే అవి పైకి వస్తాయి. అలాంటివి పది దొరికితే చాలు, పైనున్న వేలతో పని లేదు.

ఫిల్టర్ దగ్గరే ఇంకో మోసం ఉంది. కంటికి కనిపించని దుమ్మును కూడా ఆపేదాన్ని హెపా ఫిల్టర్ అంటారు. అసలైనదైతే 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ధూళి కణాల్లో 99.97 శాతం పట్టుకోవాలని అమెరికా ప్రమాణం. యూరప్‌లో అయితే హెచ్13, హెచ్14 అని తరగతి రాస్తారు. ‘హెపా టైప్’, ‘హెపా లాంటిది’ అని రాసినవాటికి ఏ ప్రమాణమూ లేదు. ఆ ‘టైప్’ అన్న ముక్క సన్నని అక్షరాల్లో ఉంటుంది, ‘హెపా’ మాత్రం బొద్దుగా. ఇంట్లో దుమ్ము పడనివాళ్లు ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఇదంతా చెప్పి వస్తువులన్నీ ఇంతే అంటే అన్యాయం. మా మిక్సీ చూడండి. జార్ అడుగున పళ్లచక్రం లాంటి కప్లర్ ఉంటుంది. జార్‌లో ఏదైనా ఇరుక్కుపోతే మోటారు కాలిపోకుండా ముందు ఆ పళ్లు విరిగిపోతాయి. విరిగితే కప్లర్ తెచ్చుకుని తిప్పి బిగించుకోవడమే. ప్రెషర్ కుక్కర్ కూడా అంతే. రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి ఆవిరి కారుతుంటే గ్యాస్కెట్ మారుస్తాం, కుక్కర్ పారేయం. సేఫ్టీ వాల్వ్ విడిగా దొరుకుతుంది, పిడి విడిగా దొరుకుతుంది. పోయే భాగం ఏదో ముందే ఆలోచించి, అది మార్చుకునేలా చేసినవాళ్లంటే నాకు నిజంగా గౌరవం. అలాంటి వస్తువుకు రెండు రూపాయలు ఎక్కువైనా పెడతాను.

చట్టం పెడితే కంపెనీలు దారికొస్తాయని కూడా తేలిపోయింది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి వాషింగ్ మెషీన్లు, టీవీలు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ధర పక్కనే, బాగు చేయడం ఎంత సులువో పదికి మార్కులు వేసి చూపించాలన్నారు. ఆ మార్కుల్లో విడిభాగాలు దొరకడం, వాటి ధర కూడా లెక్కలోకి వచ్చేలా పెట్టారు. అదే ఏడాది మార్చి నుంచి యూరోపియన్ యూనియన్ ఇంకా గట్టిగా పట్టుకుంది. వాషింగ్ మెషీన్ ముఖ్య భాగాలు ఆ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా పదేళ్లు దొరకాలి. ఫ్రిజ్ తలుపు రబ్బరు పదేళ్లు, చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ ఏడేళ్లు. అదే కంపెనీ, అదే మెషీన్. అక్కడ విడిభాగం ఇవ్వగలిగినప్పుడు మిగతాచోట్ల ఎందుకు ఇవ్వలేరు?

నాన్‌స్టిక్ పెనాల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఆ పూత ఎంత ఖరీదు పెట్టినా అరిగిపోయేదే, దాన్ని మార్చుకోలేం. పెద్ద మంట మీద ఖాళీ పెనం కాసేపు వదిలేస్తే వేడి 260 డిగ్రీలు దాటిపోతుంది, అక్కడి నుంచి పూత చెడటం మొదలవుతుంది. కాబట్టి నాన్‌స్టిక్ మధ్యరకం కొని, పూత లేస్తే మార్చేయండి. మిగిలిన డబ్బు స్టీలు, ఇనుప గిన్నెల మీద పెట్టండి. ‘లైఫ్‌టైమ్ కోటింగ్’ అని రాస్తే ఆ వారంటీ కాగితం తెరిచి చదవండి, గీతలకూ అరుగుదలకూ వర్తించదని అందులోనే ఉంటుంది. బల్బు మార్చడానికి వీల్లేకుండా లోపలే ఎల్‌ఈడీ బిగించేసిన లైట్లు కూడా నేను కొనను. హోల్డర్ ఉన్న లైటైతే బల్బు ఒక్కటీ మార్చుకుంటే పోతుంది. లైట్ల కంపెనీలకు ఈ బుద్ధి పాతదే లెండి. 1924లో పెద్ద బల్బుల కంపెనీలు చాలావరకు ఫీబస్ అనే కూటమి కట్టి, బల్బు ఆయుష్షు వెయ్యి గంటలు మించకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఎక్కువకాలం వెలిగే బల్బు తయారుచేసిన కంపెనీకి జరిమానా వేసేవాళ్లు!

ఇక సైట్ మాట. సైట్ పేరు కంటే ‘అమ్మేది ఎవరు’ అని చిన్న అక్షరాల్లో ఉండే లైను ముఖ్యం. ఒకే సైట్‌లో ఒకే వస్తువును ఎవరెవరో అమ్ముతుంటారు. వారంటీ ఇవ్వాల్సింది కంపెనీ, వాపసు తీసుకోవాల్సింది అమ్మినవాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసేసుకుంటే మధ్యలో నలిగేది మనం. పెద్ద వస్తువైతే నేను కంపెనీ సొంత సైట్‌లోనో, కంపెనీ అధికారిక విక్రేత అని రాసి ఉన్నచోటో మాత్రమే కొంటాను, డిస్కౌంట్ తక్కువైనా సరే. ఇన్‌వాయిస్ వెంటనే దించుకుని దాచుకుంటాను, ఎందుకంటే వారంటీ కోసం వాళ్లు మొదట అడిగేది అదే. వెతికినప్పుడు మొదటి వరుసలో వచ్చేవాటిలో చాలావరకు డబ్బు కట్టిన ప్రకటనలే, ‘స్పాన్సర్డ్’ అన్న ముక్క వెలిసిపోయిన రంగులో ఉంటుంది చూడండి.

మీ వ్యాక్యూమ్‌కు మూడు చూడండి. బ్యాటరీ మీట నొక్కితే చేతికి ఊడి రావాలి. పేజీలోని ఫొటోల్లో ఇది తెలియకపోతే ఎవరైనా విప్పి చూపించిన వీడియో వెతకండి. రెండోది, ఆ మోడల్‌కు ఒరిజినల్ బ్యాటరీ, ఫిల్టర్, బ్రష్ రోలర్ ఇవాళే స్టాకులో ఉండాలి, ‘త్వరలో వస్తుంది’ అంటే కుదరదు. మూడోది, కొనే ముందే విక్రేతను ప్రశ్న అడిగే చోట “బ్యాటరీ విడిగా ఎంత, ఎన్నేళ్ల వరకు ఇస్తారు?” అని రాయండి. రెండు రోజుల్లో సూటిగా జవాబు వస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇన్‌వాయిస్‌తో పాటు పెట్టుకోండి. రాకపోయినా, వచ్చిన జవాబులో కొత్త మోడల్ గురించి చెబుతున్నా, వేరే కంపెనీది చూసుకోండి.