బూట్‌లోడర్ సందేశాలను అదుపులో పెట్టడం ఎలా?

ప్రశ్న: యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే ముందుగా నడిచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్) సోర్స్‌లో లాగ్‌లెవెల్ (ఏ స్థాయి సందేశాలు కనిపించాలో నిర్ణయించే) విలువను 4 నుంచి 2కు తగ్గించి బిల్డ్ చేశాను. అయినా బోర్డు ఆన్ చేయగానే బ్యానర్ (వెర్షన్ తెలిపే మొదటి వరుస), డీర్యామ్ (మెమరీ) పరిమాణం వంటి వరుసలు సీరియల్ కన్సోల్ మీద వస్తూనే ఉన్నాయి. సోర్స్‌లోని ప్రింట్‌ఎఫ్ వరుసలను ఒక్కొక్కటిగా తొలగించడమే మార్గమా?
— ఒక పాఠకుడు

జవాబు: దయచేసి తొలగించకండి. రేపు ఆ బోర్డు మధ్యలో ఆగిపోతే, ఎక్కడ ఆగిందో చెప్పేవి ఆ వరుసలే. మీరు మార్చిన విలువ లినక్స్ కెర్నెల్ పద్ధతిలో ఉండే పీఆర్_ఎర్ర్, పీఆర్_ఇన్ఫో వంటి మాక్రోలకే వర్తిస్తుంది; నేరుగా ప్రింట్‌ఎఫ్‌తో, పుట్స్‌తో ముద్రించే బ్యానర్‌కు దానితో సంబంధం లేదు. పైగా ఆ విలువ 4 అంటే 0 నుంచి 3 వరకు ఉన్న స్థాయిలకే అనుమతి అని అర్థం కనుక, 2కు తగ్గించడంతో 2, 3 స్థాయిల్లోని లోపాల సందేశాలే పోయాయి. ఉండవలసినవి పోయి, పోవలసినవి మిగిలాయి. ముందు దానిని 4కు మార్చండి.

బ్యానర్‌తో సహా అన్నీ ఆగాలంటే మెనూకాన్ఫిగ్‌లో (బిల్డ్ ఎంపికల మెనూలో) సైలెంట్ కన్సోల్‌ను, దానితో పాటు నల్ డివైస్‌ను (వచ్చినదంతా పారేసే ఉత్తుత్తి పరికరాన్ని) ఎంచుకుని, ఎన్విరాన్‌మెంట్‌లో (యూ-బూట్ సెట్టింగుల పట్టికలో) 'సైలెంట్' అనే చరరాశికి ఏదో ఒక విలువ ఇవ్వాలి. ఎన్విరాన్‌మెంట్ నాండ్ (ఒక రకం ఫ్లాష్ మెమరీ) వంటి చోట ఉంటే రీలొకేషన్‌కు (యూ-బూట్ తనను తాను డీర్యామ్‌లోకి మార్చుకునే దశకు) ముందు అది చదవడానికి అందదు కాబట్టి, ఆ చరరాశిని డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్‌లోనే చేర్చడం మంచిది. అయితే ఈ పద్ధతిలో లోపాల సందేశాలు కూడా కనిపించవు. కెర్నెల్‌కు వెళ్లే కన్సోల్ ఆర్గ్యుమెంట్ సైతం ఖాళీ అవుతుంది. కెర్నెల్ మాట్లాడాలంటే, నిశ్శబ్దాన్ని యూ-బూట్‌కే పరిమితం చేసే ఎంపిక వేరుగా ఉంది. అందుకే సైలెంట్ కన్సోల్‌ను తుది ఉత్పత్తికే ఉంచి, అభివృద్ధి దశలో వాడకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

మీ ఉద్దేశం బూట్ సమయం తగ్గించడమే అయితే లెక్క చూడండి: 115200 బాడ్ వద్ద, స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకు 11,520 అక్షరాలు. రెండు వేల అక్షరాలకు సెకనులో ఆరో వంతు పడుతుంది. అదే బూట్‌డిలే (కెర్నెల్‌ను మొదలుపెట్టే ముందు మీటల కోసం యూ-బూట్ ఆగే సమయం) డిఫాల్ట్‌గా 2 సెకన్లు. ముందు దానిని తగ్గించండి.

ఇక ఒక్క డ్రైవర్ గురించే వివరంగా తెలుసుకోవాలంటే, ఆ ఫైలులో ఇన్‌క్లూడ్ వరుసలన్నిటికంటే పైన డీబగ్‌ను డిఫైన్ చేయండి. ఆ ఫైలులోని డీబగ్ సందేశాలు మాత్రమే వస్తాయి. డిఫైన్ చేయని ఫైళ్లలో అవి కంపైల్ దశలోనే తొలగిపోతాయి కనుక, బైనరీ పరిమాణం కూడా పెరగదు.