క్షయపై గెలిచి, చర్చి ముందు ఓడిన ఐరిష్ ఆరోగ్యమంత్రి డాక్టర్ నోయెల్ బ్రౌన్

ఐర్లాండ్‌లో సామాన్యుల జీవితాన్ని నిజంగా మార్చిన రాజకీయ నాయకుడు ఎవరని అడిగితే, చాలామంది స్వాతంత్ర్య పోరాట నాయకులైన డి వలేరా పేరో, మైకేల్ కాలిన్స్ పేరో చెబుతారు. డబ్లిన్‌లో నర్సుగా పనిచేస్తూ, ఇద్దరు బిడ్డలను అక్కడే కన్న నేను మాత్రం డాక్టర్ నోయెల్ బ్రౌన్ పేరు చెబుతాను. ఆయన మంత్రిగా ఉన్నది 1948 నుంచి 1951 వరకే.

బ్రౌన్ 1915లో వాటర్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి క్షయతో పోయారు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని ఇంగ్లండ్ చేరిన కొద్ది కాలానికే కన్నుమూశారు. తోబుట్టువుల్లోనూ కొందరిని అదే జబ్బు పొట్టన పెట్టుకుంది. చదువులో చురుకైన ఈ అనాథ కుర్రవాణ్ణి డబ్లిన్‌లోని ఒక సంపన్న కుటుంబం చేరదీసి ట్రినిటీ కాలేజీలో వైద్యం చదివించింది. చదువు పూర్తికాకముందే 1940లో ఆయనకూ క్షయ సోకితే, ఆ కుటుంబమే ఖర్చు భరించి ఇంగ్లండ్‌లోని ఒక శానిటోరియంలో (క్షయ రోగుల ఆసుపత్రిలో) చేర్పించింది. ఆయనకు అండ దొరికింది, బతికారు. ఆయన కుటుంబంలోని మిగతావాళ్లకు ఆ అండ దొరకలేదు. ఆయన రాజకీయమంతా ఈ తేడాలోంచే పుట్టిందని నేను నమ్ముతాను.

1948 ఎన్నికల్లో షాన్ మెక్‌బ్రైడ్ స్థాపించిన కొత్త పార్టీ తరఫున గెలిచి, పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి రోజే, 32 ఏళ్ల వయసులో, ఆయన ఆరోగ్యమంత్రి అయ్యారు. క్షయ అప్పట్లో ఆ చిన్న దేశంలో ఏటా మూడు వేల మందికి పైగా ప్రాణాలు తీసేది. గుర్రపు పందేల లాటరీ ద్వారా ఆసుపత్రుల కోసం పోగుపడిన పెద్ద నిధి ఒకటి ఉండేది. దాని మీద వచ్చే ఆదాయంతో నెట్టుకురాకుండా అసలునే ఖర్చుపెట్టి శానిటోరియాలు, పడకలు, ఎక్స్‌రే పరీక్షలు, బీసీజీ టీకాలు జనానికి అందేలా చేయడం ఆయన తీసుకున్న గొప్ప నిర్ణయం. క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ మందు అదే కాలంలో అందుబాటులోకి రావడం, అంతకుముందు ప్రభుత్వం వేసిన ప్రణాళికలు సిద్ధంగా ఉండడం కూడా కలిసొచ్చాయి కనుక ఘనతంతా ఆయన ఒక్కరిదే అనడం న్యాయం కాదు. కానీ ఆ తొందర మాత్రం ఆయనదే. మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైంది కూడా అదే 1948లో, మా మదనపల్లెలోనే. అందుకే ఈ కథ నాకు పరాయి దేశపు చరిత్రలా అనిపించదు.

నా వార్డులో ఉన్న ఒక వృద్ధురాలు తన అక్క గురించి చెప్పేవారు. శానిటోరియం వరండాలో చలికాలంలో కూడా మంచాలు బయటే వేసేవారట. పిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు కాబట్టి, ఆదివారాలు ఈవిడ పచ్చికలో నిలబడి అక్కకు చెయ్యి ఊపేవారట. ఇంట్లో క్షయ ఉందన్న సంగతి బయటికి పొక్కితే పెళ్లి సంబంధాలు రావని వాళ్లమ్మ ఇరుగుపొరుగుకు అక్క ఇంగ్లండ్‌లో పనికి వెళ్లిందని చెప్పేదట. మంత్రి పేరు చెప్పేటప్పుడు ఆవిడ "డాక్టర్ బ్రౌన్" అనేవారే గానీ, ఉత్త "బ్రౌన్" అని ఎన్నడూ అనలేదు.

ఆయన పదవిని బలిగొన్నది మాత్రం క్షయ కాదు, తల్లీబిడ్డల పథకం. గర్భిణులకు, బాలింతలకు, పదహారేళ్లలోపు పిల్లలందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వైద్యం అందించాలన్నది ఆయన సంకల్పం. ఫీజులు పోతాయనీ, ప్రభుత్వ పెత్తనం పెరుగుతుందనీ వైద్యుల సంఘం ఎదురు తిరిగింది. బిడ్డల ఆరోగ్యం చూసుకునే హక్కు తల్లిదండ్రులదే గాని ప్రభుత్వానిది కాదని, స్త్రీలకు ఇచ్చే వైద్య సలహాల ముసుగులో గర్భనిరోధం చొరబడుతుందని కాథలిక్ బిషప్పులు 1950 అక్టోబరులో ప్రధాని జాన్ కాస్టెల్లోకు లేఖ రాశారు. పేదలకు మాత్రమే పరిమితం చేస్తే ఈ గొడవ చాలావరకు సద్దుమణిగేది. బ్రౌన్ ఒప్పుకోలేదు. ఆదాయం ఎంతో నిరూపించుకుంటేనే వైద్యమంటే, ఆ నిరూపణే పేద తల్లికి అవమానమని ఆయన పట్టుబట్టారు. మంత్రివర్గంలో ఒక్కరూ ఆయన వెంట నిలబడలేదు. సొంత పార్టీ నాయకుడు మెక్‌బ్రైడే రాజీనామా కోరారు. 1951 ఏప్రిల్‌లో పదవి వదులుతూ, బిషప్పులకూ ప్రభుత్వానికీ నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలన్నిటినీ ఆయన పత్రికలకు ఇచ్చేశారు. తెర వెనుక దేశాన్ని నడిపిస్తున్నది ఎవరో ఐరిష్ ప్రజలు అచ్చులో చదవడం అదే మొదలు. ఆయన జీవితంలో అన్నిటికన్నా సాహసమైన పని ఇదేనని నా ఉద్దేశం.

తర్వాతి ప్రభుత్వం 1953లో చట్టం తెచ్చి, ఆదాయ పరిమితితో ఆ పథకాన్ని చాలావరకు అమలు చేసింది. కాలక్రమంలో ప్రసూతి విషయంలో ఆ పరిమితి పోయింది. నేను మొదటిసారి గర్భవతిగా జీపీ (ఏ జబ్బుకైనా ముందుగా చూపించుకునే స్థానిక డాక్టరు) దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కడి అలవాటు ప్రకారం డబ్బు కట్టడానికి కార్డు తీశాను. రిసెప్షన్‌లోని అమ్మాయి దాన్ని పక్కన పెట్టమని సైగ చేసి, ఒక ఫారం ముందుకు జరిపి సంతకం చేయమంది. జీతమెంతో అడగలేదు, నా పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగలేదు. ఇక్కడ స్థిరంగా ఉంటున్నానా అని మాత్రమే అడిగింది. ప్రసవానికి ముందు పరీక్షలు, బిడ్డకు రెండు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు జరిగే పరీక్షలు అన్నీ ఆ సంతకంతోనే జరిగిపోయాయి. ఇక ఆరేళ్లలోపు పిల్లలందరికీ జీపీ వైద్యం ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితమైనది 2015లో.

బ్రౌన్‌తో కలిసి పనిచేయడం తేలిక కాదన్నది కూడా నిజం. ఎవరితోనూ సర్దుకుపోయే మనిషి కాదు. ఆ తర్వాత ఒక పార్టీలో చేరి, మరొకటి స్థాపించి, ఇంకొకదాన్ని వదిలి, మధ్యమధ్య స్వతంత్రుడిగా నిలబడి 1982 వరకు రాజకీయాల్లో కొనసాగారు గాని మళ్లీ మంత్రి కాలేదు. కాస్త ఓర్పు, లౌక్యం ఉంటే 1951లోనే పథకం దక్కేదని కొందరు చరిత్రకారులు అంటారు. ఆ వాదనలో కొంత బలముంది. కానీ లౌక్యం తెలిసిన మంత్రి ఆ ఉత్తరాలను బయటపెట్టేవాడా అన్నది నా సందేహం. ఆయన 1997లో మరణించారు. ఐరిష్ పార్లమెంటు చర్చలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి, ఆసక్తి ఉంటే 1951 ఏప్రిల్ నాటి ఆయన రాజీనామా ప్రసంగంతో మొదలుపెట్టి, దానికి కాస్టెల్లో ఇచ్చిన జవాబు కూడా తప్పక చదవండి.