ఫిజికల్ కెమిస్ట్రీ చదువుతున్న శ్రావ్యకు

చిరంజీవి శ్రావ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఇంటర్లో మంచి మార్కులు తెచ్చిపెట్టిన ఫిజికల్ కెమిస్ట్రీ, కెమికల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరానికి వచ్చేసరికి కొరుకుడు పడటం లేదని నువ్వు రాశావు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. చాలా ఏళ్లు అమ్మోనియా ప్లాంటులో పనిచేసి, ఆ తరువాత కొంతకాలం మీలాంటి విద్యార్థులకు ఇదే సబ్జెక్టు బోధించినవాణ్ణి కనుక, పిల్లలు ఎక్కడ ఆగిపోతారో నాకు బాగా తెలుసు.

ఎంసెట్ కోసం నువ్వు సాధన చేసిన బిట్లలో, ఏ సూత్రం ఎక్కడ వర్తిస్తుందన్న నిర్ణయాన్ని ప్రశ్న తయారుచేసినవారే ముందుగా తీసుకుని ఉంటారు. నీకు మిగిలింది విలువలు వేసి జవాబు రాబట్టడం మాత్రమే. ఇంజనీరింగ్‌లో ఆ నిర్ణయం నీది. వాయువు వ్యాకోచించినప్పుడు జరిగే పనికి సహజ సంవర్గమానంతో ఉన్న సూత్రం నీకు కంఠతా వచ్చు. అయితే అది ఆదర్శ వాయువుకు, స్థిర ఉష్ణోగ్రత దగ్గర, ఉత్క్రమణీయంగా (రివర్సిబుల్‌గా) జరిగే వ్యాకోచానికి మాత్రమే నిలుస్తుంది. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా లెక్క తప్పుతుంది, కానీ జవాబు మాత్రం చక్కగా ఒక అంకెగా వచ్చి కూర్చుంటుంది. అందుకని నీ నోటుబుక్కులో సూత్రం రాసిన ప్రతిచోటా, దాని కిందే, ఏయే షరతుల మీద అది పుట్టిందో రెండు వాక్యాల్లో రాసుకో. సూత్రం ఉత్పాదనను (డెరివేషన్‌ను) పుస్తకం చూడకుండా నీ అంతట నువ్వు ఒకసారి రాయగలిగితే ఆ షరతులు వేరే బట్టీ పట్టనక్కర్లేదు, ఏ మెట్టు దగ్గర ఏది అనుకున్నావో కలమే గుర్తుచేస్తుంది.

ఇక, సిలబస్ మొత్తాన్ని గంపగుత్తగా మింగడానికి ప్రయత్నించకుండా, ఒక్క చర్యను పట్టుకుని దాన్ని అన్ని అధ్యాయాల గుండా నడిపించు. నేనైతే అమ్మోనియా తయారీని ఎంచుకోమంటాను. రామగుండంలో ఆ ప్లాంటు ఉన్నందుకో, నేను అందులో బతికినందుకో కాదు, ఆ ఒక్క చర్యలో నీ సబ్జెక్టు దాదాపు అంతా ఉంది కాబట్టి. ఒక మోల్ నైట్రోజన్, మూడు మోల్‌ల హైడ్రోజన్ కలిసి రెండు మోల్‌ల అమ్మోనియా ఏర్పడితే, 25° సెల్సియస్ దగ్గర ఎంథాల్పీ మార్పు సుమారు మైనస్ 92.2 కిలోజౌళ్లు, ఎంట్రోపీ మార్పు కెల్విన్‌కు మైనస్ 198.7 జౌళ్లు. వీటితో, చర్య తనంతట తాను జరగగలదో లేదో చెప్పే గిబ్స్ శక్తి మార్పు కట్టు. మైనస్ 33 కిలోజౌళ్లు వస్తుంది, దాన్నిబట్టి సమతాస్థితి స్థిరాంకం 6 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. అంటే గది ఉష్ణోగ్రత దగ్గరే చర్య దాదాపు పూర్తి కావాలి. కానీ ఆ రెండు వాయువులనూ సీసాలో కలిపి ఏళ్ల తరబడి ఉంచినా ఏమీ జరగదు. నైట్రోజన్ అణువులోని త్రిబంధాన్ని తెంచడానికి మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. చర్య జరగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు థర్మోడైనమిక్స్‌ది, ఎంత వేగంగా జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు కైనెటిక్స్‌ది. ఈ రెండు అధ్యాయాలను వేరువేరుగా చదివి, పరీక్ష రాసి, ఎప్పటికీ కలపకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు అదే లెక్కను 450° దగ్గర, అంటే 723 కెల్విన్ దగ్గర చెయ్యి. ఎంథాల్పీ, ఎంట్రోపీ మార్పులు ఉష్ణోగ్రతతో మారవనుకుంటే గిబ్స్ శక్తి మార్పు ప్లస్ 51 కిలోజౌళ్లు దాటుతుంది, స్థిరాంకం 0.00019 వస్తుంది. ఇక్కడితో ఆగిపోవద్దు. నైట్రోజన్, హైడ్రోజన్, అమ్మోనియాల ఉష్ణధారణలను, అంటే హీట్ కెపాసిటీలను (మోల్‌కు, కెల్విన్‌కు వరుసగా 29.1, 28.8, 35.1 జౌళ్లు) తీసుకుని, 298 నుంచి 723 వరకు ఎంథాల్పీనీ ఎంట్రోపీనీ సవరించి మళ్లీ చూడు. స్థిరాంకం 0.00004 దగ్గరకు దిగుతుంది, ప్రయోగాల్లో వచ్చిన విలువ కూడా అక్కడే ఉంటుంది. మొదటి లెక్కకూ రెండో లెక్కకూ సుమారు అయిదు రెట్ల తేడా! "మారవనుకుందాం" అన్న చిన్న మాట ఖరీదు అది. ఈ లెక్కను ఒక్క సాయంత్రం కూర్చుని స్వయంగా చేసినవారికి ఉష్ణధారణ అధ్యాయం ఎందుకుందని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

మరి స్థిరాంకం అంత తక్కువైనప్పుడు 400°, 500° మధ్య నడపడం ఎందుకు? ఇనుము ఉత్ప్రేరకం ఉన్నా అంతకంటే చల్లగా ఉంటే వేగం చాలదు. పోయిన దిగుబడిని పీడనంతో తిరిగి రాబట్టాలి. నాలుగు మోల్‌లు రెండు అవుతాయి, పీడనం పెంచితే చర్య మోల్‌లు తగ్గే వైపుకే జరుగుతుంది కాబట్టి 150 నుంచి 250 బార్ల పీడనం పెడతారు, అప్పటికీ ఒక్కసారికి కొంత భాగమే మారుతుంది కనుక మిగిలిన వాయువును చల్లార్చి, అమ్మోనియాను వేరుచేసి, మళ్లీ రియాక్టరుకే పంపుతారు. ఆ పీడనంలో ఏ వాయువూ ఆదర్శంగా ప్రవర్తించదు, కనుక ఫ్యుగాసిటీ (నిజ వాయువుకు పీడనం బదులు వాడే సవరించిన విలువ) అన్న మాట నీకు అక్కడ అవసరమై ఎదురవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హాబర్ 1909లో ప్రయోగశాలలో చూపినదాన్ని బాష్ 1913 నాటికి జర్మనీలోని ఒప్పావులో కర్మాగారంగా నిలబెట్టాడు. ఆ ఉత్ప్రేరకం మీద నైట్రోజన్ ఎలా విడిపోతుందో అంచెలంచెలుగా చూపినందుకు కూడా ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ వచ్చింది. నీ సిలబస్‌లోని అధిశోషణం (వాయు అణువులు ఘన ఉపరితలానికి అంటుకోవడం) అధ్యాయం అలా ఇక్కడికే చేరుతుంది.

ప్లస్, మైనస్ గుర్తుల విషయంలో జాగ్రత్త తల్లీ. కెమిస్ట్రీ పుస్తకాల్లో అంతశ్శక్తి మార్పు అంటే ఉష్ణం, పని కలిపిన మొత్తం. ఇంజనీరింగ్ థర్మోడైనమిక్స్ పుస్తకాలు చాలావాటిలో అది ఉష్ణంలోంచి పనిని తీసివేసినది. రెండూ సరైనవే, ఎందుకంటే ఒకదానిలో పని వ్యవస్థ మీద జరిగేది, రెండోదానిలో వ్యవస్థ చేసేది. ఒకే సెమిస్టరులో ఈ రెండూ చదివే మీలాంటివారు, ప్రతి లెక్క పైనా ఏ పద్ధతి వాడుతున్నారో ఒక మాట రాసుకోవడం తప్పనిసరి. ప్రమాణాలను కూడా అంకెతో పాటే చివరి వరకు మోయాలి. పైన చెప్పిన అమ్మోనియా లెక్కలో ఎంథాల్పీ కిలోజౌళ్లలో, ఎంట్రోపీ జౌళ్లలో ఉన్నాయని గమనించావా?

ద్రావణాల అధ్యాయం మీద నువ్వు ఎంత సమయం పెట్టినా వృథా కాదు. 25° దగ్గర బెంజీన్ బాష్పపీడనం పాదరస మట్టంలో సుమారు 95 మిల్లీమీటర్లు, టోలుయీన్‌ది 28. రెంటినీ సమాన మోల్‌లుగా కలిపి రౌల్ట్ నియమం (ప్రతి ద్రవమూ తన మోల్ వాటా మేరకే బాష్పపీడనం ఇస్తుందన్నది) వేస్తే, పైనున్న ఆవిరిలో బెంజీన్ వాటా 77 శాతం వస్తుంది. ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ మరిగిస్తే ఏమవుతుందో కాగితం మీద నాలుగు మెట్లు గీసి చూడు. వచ్చే ఏడాది మాస్ ట్రాన్స్‌ఫర్‌లో డిస్టిలేషన్ కాలమ్ అంటూ చెప్పేది ఇదే. ఆ వెంటనే ఆల్కహాలు, నీరు తీసుకో. బరువులో 95.6 శాతం దగ్గర ఆవిరి, ద్రవం ఒకే కూర్పుకు వచ్చేస్తాయి, ఇక ఎన్ని మెట్లు గీసినా ముందుకు పోవు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను నీరు లేకుండా చేయడానికి డిస్టిలరీల్లో మాలిక్యులర్ సీవ్‌లు (నీటి అణువులను పట్టి ఉంచే సూక్ష్మ రంధ్రాల గుళికలు) వాడేది అందుకే.

గణితానికి భయపడవద్దు. పాక్షిక అవకలనాలు (పార్షియల్ డెరివేటివ్‌లు) ఒక వారం శ్రద్ధగా చేస్తే చాలు, థర్మోడైనమిక్స్‌లోని మాక్స్‌వెల్ సంబంధాలు వాటంతటవే వస్తాయి.

ల్యాబ్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కించవద్దు. మిథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణ ప్రయోగంలో, పిపెట్‌తో తీసిన నమూనాను వెంటనే ఐసు నీళ్లలో పోయమంటారు. ఎందుకో ఆలోచించు, ఓసారి కావాలనే రెండు నిమిషాలు ఆలస్యం చేసి, ఆ బిందువు సరళరేఖ నుంచి ఎటు జరిగిందో చూడు. ఉత్తేజన శక్తి 53 కిలోజౌళ్లు ఉన్న చర్య, 25° నుంచి 35°కి వెళితే సరిగ్గా రెట్టింపు వేగమవుతుంది. జనవరిలో మీ ల్యాబ్‌లో వచ్చిన వేగ స్థిరాంకం ఏప్రిల్‌లో రాదు, కనుక రికార్డులో ఆనాటి ఉష్ణోగ్రత రాయని రీడింగుకు విలువ లేదు. వైవాలో అడిగేది కూడా చాలావరకు ఇవే.

మిడ్ పరీక్షలకు పాత పేపర్లు చూడటంలో తప్పు లేదు, అయితే అవి ఆఖరి వారానికి ఉంచుకో. అంతకు ముందు, 450° లెక్క రెండు విధాలా చేసి ఆ కాగితాలు ఫోటో తీసి నాకు పంపు. ఎక్కడైనా ఆగిపోతే ఆగిపోయిన చోటు వరకే పంపు, ఆదివారం ఉదయం ఫోనులో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న