ఇంజెక్షను మానేసి మనవరాలికి దాచవచ్చా?

ప్రశ్న: నా వయసు 64. తెనాలిలో నా పేరున ఉన్న ఇంట్లోనే ఉంటున్నాను. మావారు ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు, రిటైరయ్యాక పోయారు. కుటుంబ పింఛను నెలకు 26,000, మేడ మీద వాటా అద్దె 7,000 వస్తాయి. ఖర్చులు పోను 5,000 మిగులుతుంది. ఒకే బ్యాంకులో 14 లక్షల ఎఫ్‌డీలు, సేవింగ్స్‌లో 3 లక్షలు ఉన్నాయి. ఎఫ్‌డీల వడ్డీ తీయకుండా అందులోనే వదిలేస్తున్నాను. మా అమ్మాయి ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, జబ్బు చేసి మూడేళ్ల క్రితం చనిపోయింది. అప్పటి నుంచి మనవరాలు నా దగ్గరే. ఇప్పుడు దానికి అయిదేళ్లు. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మంచివాడే, పండుగలకు వచ్చి బట్టలు పెట్టి వెళ్తాడు. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. నాకు ఇరవై ఏళ్లుగా షుగరు. కిడ్నీ జబ్బు నాలుగో దశలో ఉందని, ముందుముందు డయాలసిస్ అవసరం కావచ్చని డాక్టరు అన్నారు. రక్తం తక్కువగా ఉందని నెలకు రెండు ఇంజెక్షన్లు రాశారు. ఒకటే వేయించుకుని, రెండోదాని డబ్బు పాప కోసం పక్కన పెడుతున్నాను. తెలిసిన ఏజెంటు ఏడాదికి లక్ష చొప్పున 12 ఏళ్లు కట్టే పిల్లల పాలసీ తీసుకోమంటున్నాడు. ఎఫ్‌డీల్లో 10 లక్షలు పాప పేరు మీదకు మార్చాలనీ ఉంది. సరైనదేనా?

జవాబు: అమ్మా, పాలసీ సంగతి, ఎఫ్‌డీల సంగతి తరువాత. ముందు ఆ రెండో ఇంజెక్షను వేయించుకోండి. డాక్టరు చెప్పవలసిన మాటను డబ్బు లెక్కలు చూసేవాడిని నేనెందుకు చెబుతున్నానంటే, ఇది డబ్బు లెక్కే కాబట్టి. మీ దగ్గర పాపకు పనికొచ్చే పెద్ద ఆస్తి ఏది? 14 లక్షల ఎఫ్‌డీలు అనుకుంటున్నారు. కాదు. మీ పింఛను. ఏడాదికి 3,12,000. పాపకు 18 ఏళ్లు రావడానికి ఇంకా 13 ఏళ్లు ఉంది. కరువు భత్యం పెరుగుదల ఏమీ కలపకుండానే అది 40 లక్షలు దాటుతుంది. ఆ పింఛను మీతోనే ఆగిపోతుంది, మనవరాలికి రాదు. ఇంజెక్షను దగ్గర మిగిల్చిన డబ్బు ఎంతైనా, దానికోసం ఆ 40 లక్షలను ప్రమాదంలో పెడుతున్నారు.

మా అమ్మ కూడా ఇలాంటిదే. మనవడి ట్యూషన్ ఫీజుకని బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేది, మాకు చెప్పకుండా. తెలిసేసరికి ఆసుపత్రి బిల్లు ఆ ట్యూషన్ ఫీజుకు ఎన్ని రెట్లయిందో లెక్క కట్టే ధైర్యం కూడా నాకు రాలేదు. మందుల ఖర్చు తగ్గించాలంటే వేరే దారులున్నాయి. షుగరు, బీపీ మాత్రల్లో ఏవి జన ఔషధి దుకాణంలో దొరుకుతాయో డాక్టరును అడిగి రాయించుకోండి. కుటుంబ పింఛనుదారుగా మీకు ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉండాలి. అది పనిచేస్తోందో లేదో, ఆ కార్డు మీద డయాలసిస్ చేసే ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఇప్పుడే కనుక్కోండి. అవసరం మీద పడిన రోజున కనుక్కోవడం కష్టం.

డయాలసిస్ మొదలైతే ఖర్చు మందుల దగ్గర ఆగదు. సాధారణంగా వారానికి మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు గంటలు. వెళ్లి రావడం, తరువాత నీరసం కలిపితే ఆ రోజు అక్కడితో సరి. బడి వదిలే వేళకు గేటు దగ్గర ఎవరుంటారు? సాయంత్రం పాపకు అన్నం ఎవరు పెడతారు? మీ ఉత్తరంలో ఈ లెక్క ఎక్కడా లేదు. నమ్మకమైన మనిషిని పెట్టుకోవాలన్నా, బడి వ్యాను కట్టాలన్నా, ఆటో మాట్లాడుకోవాలన్నా నెలనెలా చేతికి డబ్బు రావాలి. అందుకే వడ్డీని ఎఫ్‌డీల్లో నిద్రపోనివ్వకండి.

ఎఫ్‌డీల గడువు తీరేకొద్దీ, మధ్యలో విరగ్గొట్టకుండా, 10 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములోకి మార్చండి. నేను ఇది రాసే సమయానికి వడ్డీ 8.2 శాతం, ఒకసారి వేస్తే అయిదేళ్లూ అదే రేటు. మూడు నెలలకోసారి 20,500 మీ ఖాతాలో పడుతుంది, అంటే నెలకు దాదాపు 6,800. అవసరమైతే ముందే మూసుకోవచ్చు. మొదటి ఏడాదిలో అయితే వడ్డీ ఏమీ రాదు, తరువాత అసలులో ఒకటి, ఒకటిన్నర శాతం కోత పడుతుంది. మిగతా 4 లక్షలూ సేవింగ్స్‌లోని 3 లక్షలూ మీ వైద్యానికి. వాటిని ఎవరి పేరునా రాయకండి, ఎవరికీ అప్పివ్వకండి. అన్నట్టు, ఒక బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా 5 లక్షల వరకే. 14 లక్షలూ ఒక్కచోటే ఉంచడం అలవాటు కొద్దీ చేసిన పని అనుకుంటాను.

ఇక పాప పేరున 10 లక్షలు. వద్దు. తల్లి లేని పిల్లకు చట్టం దృష్టిలో సహజ సంరక్షకుడు తండ్రి. పెంచుతున్నది మీరే అయినా, కోర్టు ఉత్తర్వు లేకపోతే మీరు సంరక్షకురాలు కారు. పాప పేరున వేసిన డబ్బును రేపు మీ ఆపరేషనుకు వాడుకోలేరు. మీ తరువాత దాని లావాదేవీలు తండ్రి సంతకంతో నడుస్తాయి. అతను మంచివాడే, మీరే రాశారు. కానీ మరో సంసారం, రేపు మరో పిల్ల, ఇంటి అప్పు వస్తాయి. మంచివాళ్లకు కూడా అవసరాలు వస్తాయి.

పాప పేరున ఏదైనా వేయాలనే ఆశ ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఉంది. పదేళ్ల లోపు ఆడపిల్లకు తెరుస్తారు. అయితే తెరవవలసింది తల్లిదండ్రులో, చట్టబద్ధ సంరక్షకులో. అమ్మమ్మలు, తాతయ్యలు తెరిచిన ఖాతాలను కూడా తండ్రి లేదా తల్లి పేరుకు మార్చుకోవాలని 2024 అక్టోబరు 1 నుంచి నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. కాబట్టి అల్లుడి చేత తెరిపించండి, డబ్బు మీరు వేయండి. ఇక్కడ తండ్రి పేరు ఉన్నా భయం తక్కువ. పాపకు 18 ఏళ్లు నిండేదాకా, లేదా పదో తరగతి అయ్యేదాకా, ఏవో కొన్ని కష్ట కారణాలకు తప్ప అందులోంచి తీయలేరు. ఆపైన చదువు కోసం సగం తీసుకోవచ్చు. నెలకు 3,000 వేస్తూ వెళ్తే, ఇప్పుడున్న 8.2 శాతమే కొనసాగితే, ఆమెకు 18 వచ్చేసరికి 8 లక్షలు దాటుతుంది. ఏదైనా ఏడాది మీకు వీలుకాకపోతే 250 వేసినా ఖాతా బతికే ఉంటుంది. ఏజెంటు పాలసీకి ఈ సౌకర్యం ఉండదు.

ఆ పాలసీ గురించి రెండు మాటలు. మీకు ఏడాదికి మిగిలేది 60,000, అతను కట్టమంటున్నది లక్ష. పిల్లల పాలసీకి విలువంతా కట్టేవారు మధ్యలో పోతే కంపెనీ మిగతా ప్రీమియం భరించడంలో ఉంటుంది. నాలుగో దశ కిడ్నీ జబ్బున్న 64 ఏళ్ల మనిషికి ఆ రక్షణ ఇవ్వడం కష్టం. “జబ్బు సంగతి రాయకండి, ఏమీ కాదు” అని అతను అంటే వెంటనే కాఫీ ఇచ్చి పంపించేయండి. దాచి తీసుకున్న పాలసీని మూడేళ్ల లోపు కంపెనీ తిరగదోడి క్లెయిము నిరాకరించవచ్చు.

మీరు అడగని ఒక డబ్బు ఉంది. మీ అమ్మాయికి పీఎఫ్ కట్ అయ్యేదా? అయితే ఆ పీఎఫ్ సొమ్ము, ఆ ఖాతాతో వచ్చే ఈడీఎల్ఐ బీమా (గరిష్ఠంగా 7 లక్షలు), కంపెనీ గ్రాట్యుటీ ఎవరికి చేరాయో అల్లుడిని నెమ్మదిగా అడగండి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే గ్రాట్యుటీకి అయిదేళ్లు పనిచేసి ఉండాలన్న నిబంధన కూడా లేదు. వాటికన్నా ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది, పిల్లల పింఛను. పీఎఫ్‌కు అనుబంధంగా ఉండే ఉద్యోగుల పింఛను పథకంలో ఒక్క నెల చందా పడినా, ఉద్యోగంలో ఉండగా చనిపోయిన సభ్యురాలి కుటుంబానికి పింఛను హక్కు ఉంటుంది. భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటే అతని పింఛను ఆగిపోతుంది. అప్పుడు పిల్లకు అనాథ పింఛను వర్తిస్తుంది. జీవిత భాగస్వామికి వచ్చేదానిలో 75 శాతం, కనీసం 750, అదీ 25 ఏళ్లు వచ్చేదాకా. కుటుంబ పింఛను లెక్క చనిపోయిన మరుసటి రోజు నుంచే మొదలవుతుంది, కాబట్టి బకాయిలూ రావచ్చు. ఈ పింఛనుకు పెట్టే దరఖాస్తు, ఫారం 10డీ మీద అల్లుడి సంతకం కావాలి. “అతని డబ్బు మాకెందుకు” అని చాలా ఇళ్లలో పౌరుషానికి పోయి అడగరు. ఇది అతని డబ్బు కాదు, మీ అమ్మాయి కష్టార్జితం. అడుగుతున్నప్పుడే పాప బడి ఫీజులో ఇంత అని నెలనెలా పంపమని కూడా అనండి. కన్నబిడ్డను పోషించే బాధ్యత చట్టం తండ్రి మీదే పెట్టింది. పండుగ బట్టలతో అది తీరదు.

చివరిది, మీకు రాయడానికి చేతులు రానిది. మీ తరువాత పాప ఎవరి ఇంట్లో ఉంటుంది? వీలునామాలో “మనవరాలిని మా అబ్బాయి పెంచాలి” అని మీరు రాసినా అది చెల్లదు, సంరక్షకుణ్ణి నియమించే అధికారం అమ్మమ్మకు లేదు. మేనమామ పెంచాలని అందరికీ ఇష్టమైతే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో ఉత్తర్వు తెచ్చుకోవాలి. తండ్రి ఒప్పుకుంటే అది పెద్ద తగాదా కాదు. మీరు ఓపికతో తిరగగలిగే ఈ రోజుల్లోనే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడండి. సంక్రాంతికి అల్లుడు వస్తాడు కదా, అబ్బాయిని కూడా రమ్మనండి.

ఆస్తి విషయంలో మాత్రం మీ మాటే చెల్లుతుంది. వీలునామా లేకపోతే మీ ఇల్లు, డబ్బు అబ్బాయికి సగం, చనిపోయిన కూతురి బిడ్డగా పాపకు సగం వస్తాయి. కానీ మైనరు వాటా ఉన్న ఇంటిని అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి, అదీ తండ్రి ద్వారానే. కాబట్టి లాయరు చేత వీలునామా రాయించండి. పాప వాటాను ట్రస్టుగా పెట్టి, ఆమెకు 23 ఏళ్లు వచ్చేదాకా ట్రస్టీలు ఫీజులకు, వైద్యానికి ఖర్చు పెట్టాలని రాయించవచ్చు. మీ అబ్బాయి ఒక్కడినే ట్రస్టీగా పెట్టకండి. అతనూ వారసుడే, లేనిపోని మాట అతని మీదకు రాకూడదు. మీకన్నా వయసులో చిన్నదైన చెల్లెలో, మేనకోడలో ఎవరైనా ఉంటే రెండో పేరుగా చేర్చండి. ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయించండి, ఆ రోజు డాక్టరు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం జతచేయండి. ఎఫ్‌డీలకు, సీనియర్ సిటిజన్స్ ఖాతాకు నామినీగా అబ్బాయిని పెట్టవచ్చు. నామినీ డబ్బు అందుకునేవాడు మాత్రమే, ఎవరికి చెందాలో వీలునామా చెబుతుంది.

పింఛనుకు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోనులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది. కదలలేని రోజు రాకముందే అబ్బాయి చేత ఒకసారి నేర్పించుకోండి. ఇంజెక్షను తేదీని మాత్రం ఎవరూ నేర్పనక్కరలేదు, వంటింటి క్యాలెండరు మీద రెండు చోట్లా గుర్తు పెట్టుకోండి.