మూతలతో లోహపు తెర

ప్రశ్న: ఎల్ అనాట్సుయి సీసా మూతలతో చేసిన తెరల ఫొటోలు చూశాం. మా కాలేజీలోనూ అలాంటిది చేసి వేలాడదీయాలని ఉంది. మూతలు, రాగి తీగ ఉంటే సరిపోతుందా?
– ఒక శిల్పకళ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: సరిపోతాయి, కానీ ఆయన మూతలనే ఎందుకు పట్టుకున్నారో ముందు తెలియాలి. 1944లో ఘనాలో పుట్టిన అనాట్సుయి 1975 నుంచి నైజీరియాలోని న్సుక్కలో శిల్పం బోధించారు. మద్యం సీసాల మూతలున్న సంచి ఆయనకు 1990ల చివర్లో దొరికింది ఆ ప్రాంతంలోనే. ఆ మూతల్లో ఆయనకు ఒక చరిత్ర కనిపించింది: యూరప్ వర్తకులు ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ఒకటి. దాన్నిచ్చి మనుషుల్ని కూడా కొన్నారు. ఆ బానిసలు అమెరికా ఖండపు తోటల్లో పండించిన చెరకు నుంచి రమ్ము వచ్చింది. ఆయన తెరల దగ్గరికెళితే మూతల మీది బ్రాండు పేర్లు ఇప్పటికీ చదవొచ్చు.

ఇక పని. రేకు కత్తెరతో మూత పైభాగం కోసేసి, చుట్టు భాగాన్ని నిలువుగా చీల్చి, చెక్క మీద పెట్టి సుత్తితో సాపు చేయండి. 28 మి.మీ. వ్యాసం మూతకు దాదాపు 9 సెం.మీ. పట్టీ వస్తుంది. అంచులు పదును, చేతికి గ్లౌజులు తప్పనిసరి. మూలకొకటి చొప్పున, అంచుకు 3 మి.మీ. లోపల మేకుతో కన్నం వేయండి. మరీ అంచుకు వేస్తే బరువుకు చిరిగిపోతుంది. మేకు దిగినవైపు కాదు, వెనకవైపు లేచే ముళ్లను మళ్లీ సుత్తితో అణచాలి. చాలామంది వదిలేసేది ఇదే, తర్వాత తీగను కోసేదీ ఇదే. చదరపు మీటరుకు సుమారు వెయ్యి పట్టీలు పడతాయి.

పక్కపక్క పట్టీల కన్నాల్లోంచి తీగ దూర్చి కలపండి, కానీ బిగించి కట్టొద్దు. రెండు చుట్లు మెలితిప్పి, వేలికి కాస్త ఆడేలా వదలండి. బిగిస్తే తెర మడతలు పడదు, బిరుసు రేకులా నిలబడుతుంది. మడతలే ప్రాణం: అనాట్సుయి తన తెర ఎలా వేలాడాలో ఖరారు చేయకుండా, ఆ నిర్ణయం ప్రదర్శించేవారికే వదులుతారు.

మీది సముద్రపు ఊరు. ఉప్పుగాలి తేమలో రాగి తీగ అల్యూమినియం మూతలకు తగిలితే, మూతల అల్యూమినియం తినుకుపోతుంది. మోటారు రీవైండింగ్ షాపుల్లో దొరికే ఎనామిల్ పూత తీగ వాడండి, 0.5 మి.మీ. మందం. కన్నం దగ్గర పూత గీసుకుపోతుంది కనుక లోపలి గోడకే వేలాడదీయండి. అరమీటరు ముక్కలుగా కట్టి, నేల మీద పరిచి కలపండి. బరువంతా పై వరుసదే, అక్కడ తీగ రెండు పేటలు వేయండి.