స్వరకల్పన వచ్చిన పిల్లకి జాజ్ క్యాంప్ ఎందుకు?

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయి పదో గ్రేడ్. తొమ్మిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, స్కూల్లో జాజ్ క్వయర్‌లోనూ పాడుతోంది. ఈ సమ్మర్‌లో స్టాన్‌ఫర్డ్ జాజ్ వర్క్‌షాప్ వాళ్ల క్యాంప్‌కి వెళ్తానంటోంది. కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా, ఆ టైమ్‌లో శాట్‌కి చదువుకోవచ్చు కదా అని మావారు అంటున్నారు. గాత్రం పాడవుతుందేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: పంపించండి. కాకపోతే అడ్మిషన్ కోసమని పంపకండి. ఆ ముక్క ముందే తేల్చేస్తాను. ఈ వర్క్‌షాప్‌ని 1972లో జిమ్ నాడెల్ మొదలుపెట్టారు. క్లాసులు స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లో జరుగుతాయి గానీ, అది విడిగా నడిచే లాభాపేక్ష లేని సంస్థ. అక్కడ పాడినంత మాత్రాన యూనివర్సిటీ సీటుకి దారి పడదు. చాలా కాలేజీలకి కలిపి ఒకటే వాడే కామన్ అప్లికేషన్‌లో యాక్టివిటీలు రాయడానికి 10 గడులుంటాయి. తొమ్మిదేళ్ల గాత్రం గురించి రాసే గడిలో ఈ క్యాంప్‌కి నాలుగు మాటలు దక్కుతాయి, అంతే. శాట్ అంటారా, దాన్ని ఆగస్టులోనూ పెడతారు. ఒక్క వారంలో మునిగిపోయేది ఏమీ లేదు.

మరి ఎందుకు పంపడం? మీ అమ్మాయికి స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం), నెరవల్ (ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం) అలవాటయ్యే వయసిది. అప్పటికప్పుడు ఊహించి పాడటం, తాళం తప్పకుండా ఎడుపుకి, అంటే పాట ఎత్తుకునే చోటికి, చేరుకోవడం ఆమెకి వచ్చు. జాజ్‌లో ఇంప్రొవైజేషన్ అంటే ఆ పనే. నాలుగు బార్లు (బారు అంటే తాళంలో ఒక కొలత, మామూలుగా నాలుగు దెబ్బలు) తను పాడితే తర్వాతి నాలుగు బార్లు డ్రమ్మర్ జవాబు చెప్పడం ఉంటుంది. తాళవాద్యాలు మాత్రమే మోగే తనియావర్తనంలో మృదంగం, ఘటం మాట్లాడుకోవడం విన్న పిల్లకి అది కొత్తగా అనిపించదు. 32 బార్ల పాటలో ఎక్కడున్నామో లెక్క తప్పి తికమకపడే పిల్లలు చాలామంది ఉంటారు. ఈ విషయంలో తను వాళ్లకంటే ముందే ఉంటుంది.

తనకి కష్టమయ్యేది వేరే చోట. మన కచేరీలో తంబురా మొదటి నుంచి చివరిదాకా ఒకే షడ్జాన్ని పట్టుకుని ఉంటుంది. జాజ్‌లో కాళ్ల కింద నేలే కదులుతుంటుంది. 12 బార్ల బ్లూస్ తీసుకోండి. షడ్జాన్ని ‘సి’ మీద పెట్టుకుంటే, మొదటి నాలుగు బార్లు పియానో ‘సి సెవెన్’ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వాయిస్తుంది. అందులో అంతర గాంధారం ఉంది, దాని మీద ఎంతసేపు నిలబడ్డా హాయిగా ఉంటుంది. ఐదో బారు రాగానే కింద ‘ఎఫ్ సెవెన్’ వస్తుంది. అందులో ఉన్నది సాధారణ గాంధారం, అంటే అరమెట్టు కిందిది. మీ అమ్మాయి పాత గాంధారాన్నే పట్టుకుని ఉంటే చెవికి గరుకుగా తగులుతుంది. మనకి గాంధారం మారిందంటే రాగం మారినట్టే. అక్కడ పాట అదే, రాగమాలిక మాత్రం బారుల లెక్కన నడుస్తుంటుంది. ఈ ఒక్క ఐదో బారు చెవికి పట్టుబడితే క్యాంప్‌లో సగం పని అయిపోయినట్టే.

అందుకే వెళ్లేలోపు రోజూ అరగంట దీనికి పెట్టమనండి. ఫోన్‌లో పక్కవాద్యాలు మోగించే ఐరియల్ ప్రో యాప్‌లో బ్లూస్ పెట్టుకుని, ముందు స్వరాలేమీ పాడకుండా బేస్ మెట్లు (కార్డ్ అడుగున మోగే మంద్ర స్వరాలు) మాత్రం కూనిరాగంగా అనమనండి. అది కుదిరాక ఒక్కో కార్డ్‌లోని గాంధారం, తర్వాత నిషాదం. మెట్రోనోమ్‌ని (లయ కొట్టే యంత్రాన్ని) బారులో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద పడేలా పెట్టుకోవాలి. ఆదితాళం సమం (మొదటి దెబ్బ) మీద చెయ్యి వేయడం అలవాటైన వాళ్లకి ఇది మొదటి మూడు నాలుగు రోజులు విసుగు పుట్టిస్తుంది. మానకూడదు. జాజ్ ఊపంతా ఆ రెండు దెబ్బల్లోనే ఉంది.

నా దగ్గర సలహా తీసుకుని ఇలాంటి క్యాంప్‌కే వెళ్లిన ఒక వయొలిన్ కుర్రాడు ఉన్నాడు. కర్ణాటకంలో మంచి చెయ్యి. మొదటి రోజు జామ్‌లో (అందరూ కలిసి అప్పటికప్పుడు వాయించే చోట) వంతు రాగానే మోహన రాగంలో కల్పనస్వరాలు గుక్క తిప్పుకోకుండా వాయించేశాడట. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల టీచర్ మాత్రం పక్కకి పిలిచి, "రేపు పాటంతా మూడు స్వరాలతోనే వాయించు, మిగతా టైమ్ పియానో ఏమంటోందో విను" అన్నారట. ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి దాదాపు ఏడ్చాడు. శుక్రవారం కచేరీ రికార్డింగ్ పంపాడు. అందులో రెండు బార్లు ఊరికే ఆగి, డ్రమ్మర్ వేసిన దెబ్బనే అందుకుని మొదలుపెట్టాడు. అది విన్నాక వాడి గురించి నాకు దిగులు పోయింది. మీ అమ్మాయి గమకాలకి కూడా అక్కడ మొదటి రోజే మెప్పు దొరుకుతుంది. ఆ మెప్పు దగ్గరే ఆగిపోవద్దని చెప్పండి.

పాడేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన పిల్లలకి శ్రుతి ఒక్కటే: ఐదు, ఐదున్నర, అలా. జాజ్‌లో ప్రతి పాటకీ తన గొంతుకి కుదిరే కీ (పాటకి ఆధారమైన శ్రుతి) విడిగా చూసుకోవాలి. కనీసం రెండు పాటలకి ఆ కీలో రాసిన కార్డ్ షీట్ చేతిలో ఉండాలి. ‘వన్, టూ’ అని లెక్కపెట్టి వేగం తనే చెప్పగలగాలి. ఈ మూడూ తెలిసిన గాయని మాట వాయించేవాళ్లు వెంటనే వింటారు. తెలియకపోతే వాళ్లకి నచ్చిన కీలో కానిచ్చేస్తారు, నష్టపోయేది తనే.

వినడం కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇది నల్లజాతి అమెరికన్లు కట్టిన సంగీతం, వాళ్ల గొంతుల్లోనే నేర్చుకోవాలి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బిల్లీ హాలిడే, సారా వాన్. 1960లో బెర్లిన్ కచేరీలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాట మధ్యలో సాహిత్యం మరిచిపోయారు. ఆపలేదు. మాటలు అప్పటికప్పుడు అల్లేసి పాట పూర్తి చేశారు. ఆ రికార్డింగ్‌కి గ్రామీ వచ్చింది. సాహిత్యం ఒక్క అక్షరం పోతే తిట్లు తినే మన పిల్లలు ఇది తప్పకుండా వినాలి.

గాత్రం సంగతి: జాజ్ పాడినందుకు గొంతు పాడవదు. అరిచినందుకు, అలసిన గొంతుతో పాడినందుకు పాడవుతుంది. రాత్రి జామ్‌లో మైక్ దగ్గరగా పెట్టుకుని మెల్లగా పాడమనండి. పొద్దున్నే ఆకార సాధకం (‘ఆ’ అంటూ స్వరాలు పాడే సాధన) పది నిమిషాలు ఎప్పటిలాగే చేసుకోమనండి.

మీవారి మనసులో "ఇదే కెరీర్ అంటుందేమో" అన్న ప్రశ్న కూడా ఉండి ఉంటుంది. జాజ్‌లో బతికేవాళ్లలో ఎక్కువమందికి పాఠాలు చెప్పడం, కచేరీలు, రికార్డింగులు అన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. దాచాల్సిన పని లేదు, అమ్మాయికి చెప్పండి. అయితే 16 ఏళ్లకే ఒక వైపు తేల్చుకోవాలనీ లేదు. విజయ్ అయ్యర్ యేల్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివారు. ఫిజిక్స్ పీహెచ్‌డీకని మీకు దగ్గర్లోని బర్క్‌లీకే వచ్చి, మధ్యలో సంగీతం వైపు పరిశోధన మార్చుకున్నారు. ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్, పేరున్న జాజ్ పియానిస్ట్.

ఫీజు తక్కువేమీ కాదు. ఆర్థిక సాయానికి అప్లికేషన్ ఉంటుంది, రిజిస్ట్రేషన్‌తో పాటే అడగండి. సీట్లు నిండాక అడిగితే లాభం ఉండదు.

ఇక సంగీతం టీచర్‌గారికి చెప్పకుండా మాత్రం పంపకండి. ఆవిడకి బయటివాళ్ల ద్వారా తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. అమ్మాయినే వెళ్లి చెప్పమనండి. ఆవిడ సందేహపడితే, హార్మోనియం మీద ఆ రెండు కార్డులూ నొక్కి, ఐదో బారులో గాంధారం ఎలా మారుతుందో అక్కడికక్కడే పాడి వినిపించమనండి.